థాయిలాండ్‌లో అసలు ముడి అమ్‌ఫో దగ్గరుంది

థాయిలాండ్ పల్లెల్లో ఉండే ఎవరి చిరునామా అయినా చూడండి. ముందు ఇంటి నంబరు, తర్వాత మూబాన్ నంబరు, ఆపైన తంబోన్, అమ్‌ఫో, చంగ్‌వాట్, చివర ఐదంకెల పోస్టల్ కోడ్. మన లెక్కలో మూబాన్ అంటే ఊరు. తంబోన్ సగటున పది ఊళ్లుండే గుంపు. అమ్‌ఫో ఇంచుమించు మన మండలం, చంగ్‌వాట్ మన జిల్లా. ఇంగ్లిషు మ్యాపుల్లో అమ్‌ఫోని డిస్ట్రిక్ట్ అంటారు కాబట్టి మనవాళ్లు దాన్నే జిల్లా అనుకుంటూ ఉంటారు.

ఈ చిరునామాలో ఒకటి లేదు. ఆ ఇంట్లోవాళ్లు ఓటేసి ఎన్నుకున్న పాలకవర్గం పేరు అందులో ఎక్కడా ఉండదు. చెత్తబండి మీద, పసిపిల్లల కేంద్రం బోర్డు మీద, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు పక్కన పాతిన పలక మీద వేరే పేరు కనిపిస్తుంది. తేసబాన్ ఫలానా అనో, ఓబోతో ఫలానా అనో ఉంటుంది. ఎన్నికైన సంస్థలు అవి. ఒకే నేల మీద రెండు ప్రభుత్వాలు నడుస్తున్నాయి. ఒకటి చిరునామాలో ఉంటుంది, ఇంకోటి చెత్త ఎత్తుతుంది.

బ్యాంకాక్‌కి ఉత్తరాన పథుమ్ థానీ చంగ్‌వాట్‌లో, క్లోంగ్ లువాంగ్ అమ్‌ఫోలో నేను కొన్నేళ్లున్నాను. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఏఐటీ) అక్కడే కాబట్టి ఆ చుట్టుపక్కల తెలుగు వినపడటం వింతేమీ కాదు. అక్కడి క్లోంగ్ నుంగ్ అనే ఒక్క తంబోన్‌ని రెండు పట్టణ మునిసిపాలిటీలు పంచుకున్నాయి. చిరునామా ఒకటే, పన్ను కట్టే ఆఫీసులు మాత్రం వేరు. ఇదేం గందరగోళం అని మొదట్లో విసుక్కునేవాణ్ని. తర్వాత తర్వాత దీని చరిత్ర చదివే కొద్దీ ఇది గందరగోళం కాదనీ, ఎవరి చేతిలో ఏముండాలో బాగా ఆలోచించి కట్టిన కట్టడమనీ అర్థమైంది.

థాయిలాండ్‌లో వికేంద్రీకరణ మాటెత్తితే చాలు, అందరూ చంగ్‌వాట్ గవర్నర్లను ఎన్నుకోవాలి అంటారు. బ్యాంకాక్ తప్ప మిగతా 76 చంగ్‌వాట్‌లకూ గవర్నర్లను కేంద్ర హోం శాఖే నియమిస్తుంది కాబట్టి ఆ డిమాండ్ న్యాయమైనదే. కానీ నా దృష్టిలో గొడ్డలి పెట్టాల్సింది అంతకంటే ఒక మెట్టు కింద, అమ్‌ఫో దగ్గర. గవర్నర్‌ని ఎన్నుకుని అమ్‌ఫోని ఇప్పుడున్నట్టే వదిలేస్తే పల్లెల్లో మారేది చాలా తక్కువ.

ముందు ఈ రెండు నిచ్చెనలూ ఎలా ఉన్నాయో చూద్దాం. నియామకాల నిచ్చెనలో పైన హోం శాఖ, దాని కింద గవర్నర్, ఆయన కింద 878 అమ్‌ఫోలకు ఒక్కొక్క నాయ్ అమ్‌ఫో. ఈయన మన తహసీల్దారూ, ఎంపీడీవో, కొంచెం సబ్ కలెక్టరూ కలిసిన మనిషి. ఆయన కింద తంబోన్‌కి కమ్‌నాన్, ఊరికి ఫూయైబాన్. ఎన్నికల నిచ్చెనలో చంగ్‌వాట్ స్థాయిలో ఓబోచో, మన జెడ్పీ లాంటిది. పట్టణాల్లో తేసబాన్‌లు, రెండు వేల నాలుగొందలకు పైగా ఉన్నాయి. పల్లెల్లో తంబోన్ స్థాయి ఓబోతోలు, ఐదు వేల మూడొందల దాకా. ఇవి కాక బ్యాంకాక్, పట్టాయా రెండూ ప్రత్యేకం.

ఇప్పుడు రెండు నిచ్చెనల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చంగ్‌వాట్ దగ్గర గవర్నర్‌కి ఎదురుగా ఓబోచో ప్రెసిడెంటు ఉన్నాడు. తంబోన్ దగ్గర కమ్‌నాన్‌కి ఎదురుగా ఓబోతో ప్రెసిడెంటు ఉన్నాడు. మధ్యలో అమ్‌ఫో దగ్గర నాయ్ అమ్‌ఫోకి ఎదురుగా ఎవరూ లేరు. మన దగ్గర మండలానికి ఎంపీపీ ఉంటాడు. ఆయన ఏం చేయగలడన్నది వేరే సంగతి, కనీసం కుర్చీ ఉంది. థాయిలాండ్‌లో ఆ మెట్టు మీద ప్రజలు ఎన్నుకున్న కుర్చీయే లేదు.

కానీ జనం నిజంగా వెళ్లేది అక్కడికే. గుర్తింపు కార్డు, ఇంటి రిజిస్టరు, పెళ్లి నమోదు, విడాకులు, తుపాకీ లైసెన్సు, పల్లెల్లో ఇవన్నీ అమ్‌ఫో ఆఫీసులోనే. 2025 జనవరి 23న స్వలింగ వివాహ చట్టం అమల్లోకి వచ్చిన రోజున జంటలు క్యూ కట్టింది అమ్‌ఫో ఆఫీసుల్లోనూ, బ్యాంకాక్‌లో వాటికి సమానమైన ఖేత్ ఆఫీసుల్లోనూ. ఈ ఆఫీసుల పనితనం గురించి నేను చెడ్డగా చెప్పలేను. మన తహసీల్దారు ఆఫీసు వరండాలో తిరిగినవాడికి అక్కడి టోకెన్ నంబరు, ఏసీ హాలు, పది నిమిషాల్లో చేతికొచ్చే కార్డు చూస్తే అసూయ పుడుతుంది. గొడవల్లా ఆఫీసు ఎవరికి జవాబు చెప్పుకుంటుందన్న దాని గురించే.

దీని వేళ్లు 1890లలో ఉన్నాయి. అంతకుముందు సయాంలో, అంటే అప్పటి థాయిలాండ్‌లో, దూరపు పట్టణాలన్నీ స్థానిక ప్రభువుల చేతుల్లో ఉండేవి. పన్నులు వాళ్లే వసూలు చేసుకుని, అందులోంచే బతికి, మిగిలింది బ్యాంకాక్‌కి పంపేవారు. చుట్టూ చూస్తే పడమట బర్మాని ఇంగ్లిషువాళ్లు, తూర్పున వియత్నాం, కంబోడియాలని ఫ్రెంచివాళ్లు మింగేశారు. చూలాలాంగ్‌కార్న్ రాజు తన సవతి తమ్ముడు దామ్రోంగ్ రాజకుమారుణ్ని 1892లో హోం శాఖకి పెద్దను చేశాడు. దామ్రోంగ్ అంతకు ముందే యూరప్ వెళ్లి, వచ్చే దారిలో భారతదేశం, బర్మాల్లో ఇంగ్లిషువాళ్లు జిల్లాలని ఎలా నడుపుతున్నారో చూసి వచ్చాడు. మన పెద్దలు ఏ కలెక్టరు కచేరీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారో, ఆ నమూనా వలస పాలనలో లేని ఒక దేశానికి అలా చేరింది. తన సొంత దేశాన్ని తానే వలస పాలకుడి పద్ధతిలో కొలిచి, గీసి, జీతగాళ్లని పంపి పాలించిన రాజ్యం అది. 1897లో స్థానిక పాలన చట్టం వచ్చింది, 1914లో దాన్ని తిరగరాశారు. ఆ 1914 చట్టమే సవరణలతో ఇవాళ్టికీ నడుస్తోంది.

అంత సాఫీగా ఏమీ జరగలేదు. 1901-02లో ఈశాన్యంలో ఉబోన్ వైపు మహిమలున్నవాళ్లమని చెప్పుకున్న కొందరి వెనక పల్లెలు తిరగబడ్డాయి. 1902లో ఉత్తరాన ఫ్రే పట్టణాన్ని షాన్ జాతి తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. అది అణిగాక అక్కడి చివరి ప్రభువు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌కి పారిపోయాడు. అదే ఏడు దక్షిణాన పట్టానీ రాజుని అరెస్టు చేసి దూరంగా ఫిట్సనులోక్‌లో పెట్టారు. ఒకే ఏడాది మూడు మూలల్లో ఇంత జరిగిందంటే, అమ్‌ఫో అనేది ఊళ్లకు సేవ చేయడానికి పుట్టిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఊళ్ల మీద కన్నేసి ఉంచడానికి పుట్టింది. సేవ తర్వాత వచ్చి చేరింది.

దామ్రోంగ్‌ని తక్కువ చేయడం కూడా న్యాయం కాదు. 1892లో అయుథయ దగ్గర బాంగ్ పా-ఇన్‌లో ఊళ్లవాళ్లే తమ పెద్దను ఎన్నుకునే ప్రయోగం చేయించాడు. ఇప్పటికీ ఆగస్టు 10ని కమ్‌నాన్, ఫూయైబాన్‌ల దినంగా జరుపుతారు. థా చలోమ్ కథ ఇంకా బాగుంటుంది. సముత్ సఖోన్‌లో థా చిన్ నది ఒడ్డున చేపల బజారు ఉండే ఊరది. ఆ బజారు మురికి చూసి రాజు ఈసడించుకుంటే, అక్కడి వర్తకులు చందాలేసుకుని ఇటుకల రోడ్డు వేసుకున్నారు. రాజు వచ్చి ఆ రోడ్డు తెరిచి, అక్కడ వసూలయ్యే పన్నుతో ఆ ఊరినే శుభ్రం చేసుకోమన్నాడు. రాజధాని బయట మొదటి పారిశుధ్య పరగణా అలా వచ్చింది. అది మొదలైన మార్చి 18 ఇప్పుడు స్థానిక పాలన దినం. ఒకే దేశం, రెండు నిచ్చెనలకూ రెండు పండగలు.

నియామకాల నిచ్చెనలో చిట్టచివరి మెట్లయిన కమ్‌నాన్, ఫూయైబాన్‌లు విచిత్రమైన మనుషులు. ఫూయైబాన్‌ని ఊరు ఎన్నుకుంటుంది. కానీ ఎన్నికయ్యాక ఆయన వేసుకునేది హోం శాఖ ఖాకీ యూనిఫాం, తీసుకునేది సర్కారు భత్యం, నెలనెలా మీటింగుకి వెళ్లేది అమ్‌ఫో ఆఫీసుకి. మనకి మునసబు-కరణాలు తెలుసు. వాళ్లది వంశపారంపర్యం, ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో ఒక్క దెబ్బతో ఆ పదవులు తీసేసింది. థాయిలాండ్ తీసేయలేదు సరికదా, ఇంకా గట్టిగా పాతింది. 1992లో ఫూయైబాన్‌కి ఐదేళ్ల పదవీకాలం పెట్టారు. 2006 సైనిక తిరుగుబాటు తర్వాత నియమించిన చట్టసభ చేసిన సవరణ 2008లో అమల్లోకి వచ్చింది. దాంతో ఒకసారి గెలిస్తే అరవయ్యేళ్లు వచ్చేదాకా కుర్చీ మనదే. ఆ సవరణలోనే కమ్‌నాన్‌ని జనం ఓటుతో కాకుండా, ఆ తంబోన్‌లోని ఫూయైబాన్‌లు నాయ్ అమ్‌ఫో అధ్యక్షతన కూర్చుని తమలోంచి ఎంచుకునేలా మార్చారు.

ముప్ఫై అయిదేళ్లకి గెలిచిన మనిషి పాతికేళ్లు ఊరి పెద్దగా ఉండి దిగుతాడు. పక్కనే ఓబోతో ప్రెసిడెంటు నాలుగేళ్లకోసారి జనం ముందుకెళ్లాలి, వరసగా రెండుసార్లకు మించి ఉండకూడదు. ఇద్దరూ అదే రోడ్డు గురించి, అదే కాలవ గురించి మాట్లాడతారు. ఒక ఒరలో రెండు కత్తులంటే ఇదే, కాకపోతే ఒక కత్తికి గడువు తేదీ ఉంది, ఇంకోదానికి లేదు.

స్థానిక ఎన్నికలంటే రౌడీలు, బడాబాబులు వస్తారని బ్యాంకాక్ మధ్యతరగతి గట్టిగా నమ్ముతుంది. టీవీ చర్చల్లో, టాక్సీలో, కాలేజీ క్యాంటీన్లో ఎక్కడైనా వినొచ్చు. అబద్ధం కాదు కూడా. చోన్‌బురి వైపు దశాబ్దాల పాటు చక్రం తిప్పిన సోమ్‌చాయ్ ఖున్‌ప్లుమ్, హత్య కుట్ర కేసులోనూ భూముల అవినీతి కేసులోనూ శిక్షలు పడ్డాక ఏళ్ల తరబడి పరారీలో ఉండి 2013లో దొరికాడు. ఆయన సేన్ సుక్ మేయరుగా చేశాడు, నిజమే. కానీ దేశమంతా ఆయన్ని పిలిచింది మేయరని కాదు, కమ్‌నాన్ పో అని. పైకొచ్చింది నియామకాల నిచ్చెన చివరి మెట్టు మీద నుంచే. 2023 సెప్టెంబరులో నఖోన్ పథోమ్‌లో ఒక విందులో, పోలీసు అధికారులంతా చూస్తుండగా ఒక హైవే పోలీసు అధికారిని కాల్చి చంపారు. ఆ విందు ఇచ్చింది ఒక కమ్‌నాన్, ఆయన ఇంట్లోనే. పెద్దరికం పేరుతో దందాలు నడిపే మనుషులు ఓట్ల వల్లే పుడతారనే వాదన ఈ ఖాకీ యూనిఫాంల ముందు నిలవదు.

సుతేప్ తౌగ్‌సుబాన్ సంగతి ఇంకా చిత్రం. 1970లలో సూరత్ థానీలో కమ్‌నాన్‌గా మొదలై, ఉప ప్రధాని దాకా ఎదిగాడు. 2013-14లో వీధుల్లో నిరసనలు నడిపినప్పుడు అనుచరులు ఆయన్ని మళ్లీ కమ్‌నాన్ అనే ప్రేమగా పిలిచారు. ఆ ఉద్యమం చెప్పిన సంస్కరణల్లో గవర్నర్లను ఎన్నుకోవాలన్నది కూడా ఉంది! ఆ ఉద్యమం చివరికి 2014 మే 22 సైనిక తిరుగుబాటుకి దారి తీసింది. తిరుగుబాటు చేసినవాళ్లు స్థానిక ఎన్నికలన్నీ ఆపేశారు. ఓబోచో ఎన్నికలు మళ్లీ జరిగింది 2020 డిసెంబరు 20న, తేసబాన్‌లకి 2021 మార్చిలో, ఓబోతోలకి 2021 నవంబరులో. ఆ ఏళ్లన్నీ ఊళ్లలో ఎన్నికైన సంస్థలు గడువు తీరిన పాత మనుషులతోనో, అధికారులతోనో నడిచాయి. నాయ్ అమ్‌ఫోకి మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీ రాలేదు.

ఇప్పుడు అమ్‌ఫో చేతిలో నిజంగా ఏముందో చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే ఉంది. ఓబోతో చట్టం 1994లో వచ్చింది. మొదట్లో కమ్‌నాన్, ఫూయైబాన్‌లు పదవి రీత్యా అందులో కూర్చునేవారు. 1997 రాజ్యాంగం తర్వాత వాళ్లని బయటికి పంపారు, 2003 నుంచి ప్రెసిడెంటుని జనం నేరుగా ఎన్నుకుంటున్నారు. ఇక్కడిదాకా బాగుంది. కానీ ఓబోతో సభ తన ఏడాది బడ్జెట్‌ని ఆమోదించాక, ఆ కాగితం నాయ్ అమ్‌ఫో దగ్గరికి వెళ్లాలి. ఆయన సంతకం పెడితేనే అది చెల్లుతుంది. ఓబోతో పనుల మీద పర్యవేక్షణా ఆయనదే, ప్రెసిడెంటు మీద విచారణ జరిపి తొలగించమని గవర్నర్‌కి రాసేదీ ఆయనే. ఊరు ఓటేసి గెలిపించిన మనిషి, ఊరి సభ ఒప్పుకున్న బడ్జెట్, ఆ రెండింటి పైనా బదిలీ మీద వచ్చి రెండు మూడేళ్లలో బదిలీ మీదే వెళ్లిపోయే ఒక అధికారి సంతకం.

సంతకం ఆపేవాళ్లు తక్కువే. రోజూ గొడవలు జరుగుతాయని కాదు. ఆపగలడని తెలిస్తే చాలు. ఏ పని పెట్టుకుంటే అమ్‌ఫో మీటింగులో తలనొప్పి రాదో, ఏది పెట్టుకుంటే వస్తుందో ప్రెసిడెంటుకి ముందే తెలుస్తుంది. మన సర్పంచ్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. 1999 వికేంద్రీకరణ చట్టం ప్రభుత్వ ఆదాయంలో 2006 నాటికి 35 శాతం స్థానిక సంస్థలకు చేరాలని రాసింది. గడువు వచ్చింది, 35 రాలేదు, చట్టాన్నే మార్చి కనీసం 25 శాతం అన్నారు. అది కూడా 2006 తిరుగుబాటు తర్వాతి ప్రభుత్వం చేసిందే. వచ్చే డబ్బులో ఎక్కువ భాగం కేంద్రం వసూలు చేసి పంచేది, లేదా ఫలానా పనికే అని ముద్రేసి ఇచ్చే గ్రాంటు. సొంతంగా వేసుకునే పన్నుల్లో ముఖ్యమైన భూమి, భవనాల పన్ను 2020లో కొత్తగా మొదలైంది. మొదలైన ఏడాదే కొవిడ్ పేరుతో కేంద్రం దాన్ని 90 శాతం తగ్గించింది, మరుసటి ఏడూ అదే. పన్ను ఓబోతోది, తేసబాన్‌ది, దానం చేసింది మాత్రం బ్యాంకాక్‌లో క్యాబినెట్! (ఖాళీ స్థలాల మీద పన్ను ఎక్కువ, సాగు భూమి మీద తక్కువ కాబట్టి బ్యాంకాక్ నడిబొడ్డున ఆకాశహర్మ్యాల మధ్య అరటి తోటలు, నిమ్మ తోటలు మొలిచాయి. ఆ తోటల్లోకి ఎవరూ కోతకు దిగరు.)

మాకు రోజూ నూడుల్స్ వడ్డించే ఆవిడది ఈశాన్యాన ఉన్న సురిన్. పెళ్లికి ముందే పథుమ్ థానీ వచ్చేసింది, పిల్లలు ఇక్కడే పెరిగారు. గుర్తింపు కార్డు మీద చిరునామా మాత్రం ఇంకా సురిన్‌లో వాళ్లమ్మ ఇల్లే, ఎందుకంటే ఇంటి రిజిస్టరులో పేరు అక్కడుంది. బండి సొరుగులో చిల్లర డబ్బా కింద ప్లాస్టిక్ కవర్లో ఆ రిజిస్టరు పేజీ జిరాక్సులు పెట్టుకునేది, స్కూలువాళ్లు అడిగితే ఒకటి, అద్దె ఇంటివాళ్లు అడిగితే ఒకటి ఇవ్వడానికి. కార్డు గడువు తీరితే దేశంలో ఏ అమ్‌ఫోకైనా వెళ్లి కొత్తది చేయించుకోవచ్చు. ఆవిడ క్లోంగ్ లువాంగ్‌లోనే చేయించుకుంది. అంటే అమ్‌ఫో ఆవిణ్ని ఎక్కడున్నా గుర్తు పడుతుంది. ఓటు మాత్రం సురిన్‌లోనే. పార్లమెంటు ఎన్నికల్లో అయితే ఉన్నచోటి నుంచి ముందుగా ఓటేసే వీలుంది, స్థానిక ఎన్నికల్లో లేదు. 2025 ఫిబ్రవరి 1న, శనివారం, ఓబోచో ఎన్నికలు జరిగాయి. ఫోన్లో అడిగితే వెళ్లలేదంది. శనివారం బేరం పోగొట్టుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని, తను ఉండని ఊరికి ఎవరిని ఎన్నుకోవాలి అంది. తన చెత్త ఎత్తే తేసబాన్‌లో ఆవిడకి ఓటు లేదు, రిజిస్టరులో లేదు కాబట్టి ఆ తేసబాన్ తలసరి లెక్కల్లో కూడా ఆవిడ లేదు. పథుమ్ థానీ, సముత్ ప్రాకాన్, చోన్‌బురి లాంటి ఫ్యాక్టరీల చంగ్‌వాట్‌లన్నింటా ఇలాంటివాళ్లు కోకొల్లలు.

కేంద్రం పంపిన అధికారికీ, జనం ఎన్నుకున్న మనిషికీ తేడా ఎక్కడ బయటపడుతుందో 2011 వరదల్లో చూశాం. ఉత్తరం నుంచి వచ్చిన నీళ్లు పథుమ్ థానీలోకి దిగి నెలల తరబడి నిలిచిపోయాయి. ఏఐటీ క్యాంపస్ మునిగింది. బ్యాంకాక్‌ని కాపాడాలని దొన్ ముయాంగ్ వైపు పెద్ద పెద్ద ఇసుక సంచులతో కిలోమీటర్ల గోడ కట్టారు. గోడకి దక్షిణాన పొడి నేల, ఉత్తరాన నడుం లోతు నీళ్లు. లామ్ లూక్ కా వైపు జనం వచ్చి సంచులు లాగి పారేశారు. క్లోంగ్ సామ్ వా తూము దగ్గర తలుపు ఎత్తాలని జనం పోట్లాడితే ప్రధాని యింగ్‌లక్ కొంత ఎత్తమన్నారు, బ్యాంకాక్ గవర్నర్ సుఖుంఫాన్ నగరంలోకి నీళ్లొస్తాయని అడ్డం పడ్డాడు. ఆయన పార్టీ వేరు, ప్రధాని పార్టీ వేరు, రాజకీయం ఉంది. అయినా బ్యాంకాక్ వాళ్ల తరఫున ప్రధానితో ఎదురు నిలబడి వాదించడానికి ఓట్లతో వచ్చిన మనిషి ఒకడున్నాడు. పథుమ్ థానీ గవర్నర్ ఎంత మంచివాడైనా, తనని నియమించిన ప్రభుత్వంతో అలా పోట్లాడగలడా? గోడ ఎక్కడ కట్టాలన్నది ఇంజినీర్లు తేల్చాల్సిన విషయమే అనుకున్నా, గోడకి అటువైపు మునిగినవాళ్ల తరఫున ఆ గదిలో కూర్చున్నది ఎవరు?

అలాగని నియామకం మీద వచ్చినవాళ్లంతా పనికిరారని నేననను. 2018లో థామ్ లువాంగ్ గుహలో ఫుట్‌బాల్ పిల్లలు చిక్కుకున్నప్పుడు ప్రపంచమంతా చూసిన చియాంగ్ రాయ్ గవర్నర్ నరోంగ్‌సక్, హోం శాఖ పంపిన మనిషే. అంత నిబ్బరంగా, అంత తక్కువ మాటలతో పని నడిపిన అధికారిని నేను చూడలేదు. కానీ ఆ సమయానికే ఆయన్ని పక్కనున్న ఫయావోకి బదిలీ చేసి ఉంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఉండమన్నారు, తర్వాత వెళ్లిపోయాడు. ఆయన్ని ఉంచుకోవాలో వద్దో చియాంగ్ రాయ్ జనాన్ని ఎవరూ అడగలేదు.

మరి గవర్నర్‌ని ఎన్నుకుంటే సరిపోతుంది కదా అంటే, మన అనుభవం తెలిసిన తెలుగువాళ్లకి ఇక్కడ అనుమానం రావాలి. మన జెడ్పీ ఛైర్మన్‌ని చూడండి. ఎన్నికైనవాడే, కారుంది, ఛాంబరుంది. జిల్లాలో పని కావాలంటే జనం వెళ్లేది మాత్రం కలెక్టరు దగ్గరికి, సోమవారం గ్రీవెన్స్‌కి. థాయ్ ఓబోచో ప్రెసిడెంటుది అచ్చం అదే బతుకు. ఎన్నికల కుర్చీ ఒకటి వేసి, పాత కుర్చీ కింది మనుషుల్ని కదిలించకపోతే జనం పాత కుర్చీ దగ్గరే నిలబడతారు. గవర్నర్‌ని ఎన్నుకుని, నాయ్ అమ్‌ఫోలందరినీ హోం శాఖ ఉద్యోగులుగానే ఉంచితే, ఆ గవర్నర్‌కి కాళ్లూ చేతులూ ఉండవు.

దీనికి సాక్ష్యం థాయిలాండ్‌లోనే ఉంది. బ్యాంకాక్‌లో 50 ఖేత్‌లు. ఖేత్ డైరెక్టరు చేసే పని చాలావరకు నాయ్ అమ్‌ఫో పనే. ఆయన్నీ ఎవరూ ఎన్నుకోరు. కానీ ఆయన ఎన్నికైన గవర్నర్ కింద పనిచేస్తాడు. 2022 మే 22న, తిరుగుబాటు జరిగి సరిగ్గా ఎనిమిదేళ్లయిన రోజున, చాద్‌చార్ట్ సిట్టిఫన్‌ని దాదాపు 13 లక్షల 86 వేల ఓట్లతో గవర్నర్‌గా ఎన్నుకున్నారు. ఆయన వచ్చాక ట్రాఫీ ఫాండ్యూ అనే ఫిర్యాదుల యాప్‌ని నగరమంతా వాడకంలోకి తెచ్చారు. పేవ్‌మెంటు పలక ఊడిందని ఫోటో పెడితే అది ఆ ఖేత్‌కి వెళ్తుంది, ఎప్పుడు బాగుచేశారో అందరికీ కనిపిస్తుంది. అదే కేడర్, అదే కుర్చీ, అదే ఆఫీసు. పైనున్న మనిషి ఎవరికి భయపడతాడో మారింది, అంతే. పోలీసు, కరెంటు, మంచినీళ్లు ఇప్పటికీ గవర్నర్ చేతిలో లేవు. ఒకప్పుడు ఎన్నికయ్యే ఖేత్ కౌన్సిళ్లని 2014 తర్వాత మళ్లీ తేలేదు, అది నాకు మింగుడుపడదు. ఇవన్నీ ఉన్నా సరే, బ్యాంకాక్ ఖేత్‌కీ పక్కనే ఉన్న పథుమ్ థానీ అమ్‌ఫోకీ తేడా నేను కళ్లారా చూశాను.

ఈ ముడి థాయ్ సంస్కర్తలకి తెలియక కాదు. మాజీ ప్రధాని ఆనంద్ పన్యారచున్ అధ్యక్షతన వేసిన జాతీయ సంస్కరణల సంఘం 2011లో చంగ్‌వాట్, అమ్‌ఫోల నియామకాల నిచ్చెననే తీసేయమంది. ఉద్యమకారుల మాట కాదది, దేశంలో అందరూ గౌరవించే పెద్దమనిషి సంఘం చెప్పిన మాట. ప్రభుత్వం విని ఊరుకుంది. చియాంగ్ మాయ్‌లో పౌర సంఘాలు 2013లో సంతకాలు సేకరించి తమ నగరానికి ఒక చట్టం ముసాయిదా పార్లమెంటుకి పంపాయి. గవర్నర్‌ని ఎన్నుకోవాలి, అక్కడ పుట్టిన పన్నుల్లో 70 శాతం అక్కడే ఉండాలి, కేంద్రపు నిచ్చెన ఉండకూడదు అని అందులో ఉంది. కొద్ది వారాల్లో పార్లమెంటు రద్దయింది, ఆర్నెల్లలో సైన్యం దిగింది. 2022లో ప్రతిపక్ష నాయకుడు థనాథోర్న్ నడిపిన ఉద్యమం వేల సంతకాలతో రాజ్యాంగ సవరణ ప్రతిపాదించింది. నియామకాల నిచ్చెన ఉండాలా వద్దా అని జనాన్నే అడగాలన్నది అందులో ఒక అంశం. కమ్‌నాన్, ఫూయైబాన్‌ల సంఘాలు భగ్గుమన్నాయి. డిసెంబరులో పార్లమెంటు కొట్టేసింది. ఎవరికి ఎక్కడ నొప్పి తగిలిందో వాళ్ల కేకల్లోనే తెలిసింది. గవర్నర్ ఎన్నికల మాట అన్నప్పుడు ఎప్పుడూ అంత గొడవ కాలేదు.

మరోపక్క కొత్త అమ్‌ఫోలు మాత్రం తేలిగ్గా పుడతాయి. 2007లో 81 ఉప అమ్‌ఫోలని ఒక్కసారిగా పూర్తి అమ్‌ఫోలు చేశారు. 2009లో చియాంగ్ మాయ్ కొండల్లో మూడే తంబోన్‌లతో, దివంగత రాజకుమారి గల్యాని వధన పేరు మీద 878వ అమ్‌ఫో వచ్చింది. 2011లో నోంగ్ ఖాయ్ నుంచి బ్యుంగ్ కాన్‌ని విడగొట్టి కొత్త చంగ్‌వాట్ చేశారు. మెకాంగ్ వెంట వంద కిలోమీటర్లకు మించి ప్రయాణం చేసి ఆఫీసుకెళ్లే జనం అది ఏళ్ల తరబడి అడిగారు కాబట్టి దాన్ని తప్పుపట్టను. తెలంగాణ పది జిల్లాల్ని ముప్ఫైమూడు చేసినా, ఆంధ్ర పదమూడిని ఇరవయ్యారు చేసినా మనమూ ఆఫీసు దగ్గరైందనే సంతోషించాం. ఆఫీసు దగ్గరవడం, అధికారం దగ్గరవడం రెండూ ఒకటే అనుకోవడమే చిక్కు.

నన్నడిగితే అమ్‌ఫోని తీసేయక్కర్లేదు. నిజానికి ఓబోతోలు మరీ చిన్నవి, కొన్నింటి దగ్గర ఆఫీసర్ల జీతాలు పోను రోడ్డుకి తారు మిగలదు. వాటిని అమ్‌ఫో స్థాయిలో కలిపి, అక్కడ ఎన్నికైన కౌన్సిల్ పెట్టి, కార్డులు, రిజిస్టర్ల పని చేసే ఆ చక్కటి ఆఫీసుని ఆ కౌన్సిల్ కింద ఉంచితే ఖేత్‌లో జరిగినట్టే జరుగుతుంది. తంబోన్ ఆరోగ్య కేంద్రాలు మూడు వేలకు పైగా 2022 అక్టోబరు నుంచి ఓబోచోల చేతికి మారాయి. మందులు, డాక్టర్ల విషయంలో కొన్నిచోట్ల తడబాట్లొచ్చాయి, ఆకాశమేమీ ఊడిపడలేదు. ఆరోగ్య కేంద్రాన్ని అప్పగించగలిగినప్పుడు పెళ్లి రిజిస్టరుని అప్పగించలేరా?

ఇదంతా ఇప్పట్లో కాదని తెలుసు. విలీనం అంటే ఓబోతో సభ్యులే ముందు అడ్డుపడతారు, కమ్‌నాన్‌లు ఎలాగూ పడతారు. కాబట్టి మొదట అడగాల్సింది చిన్నదే. ఓబోతో బడ్జెట్ మీద నాయ్ అమ్‌ఫో ముందస్తు సంతకం తీసేయాలి. లెక్కల్లో తప్పుంటే పట్టుకోవడానికి ప్రభుత్వ ఆడిట్ ఆఫీసు ఉంది, అవినీతి నిరోధక కమిషన్ ఉంది. దీనికి రాజ్యాంగం మార్చక్కర్లేదు, గవర్నర్ ఎన్నికల కోసం ఆగక్కర్లేదు. 1994 చట్టానికి ఒక చిన్న సవరణ, పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు.